ఎదుటివారి గడప

కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి యొకడు కలడు. దేశములోనికి వచ్చువారికిని, దేశమునుండి వెడలువారికిని ముద్ర వేసిన చీటీ ఇచ్చుట అతని పని. చీటీకి రుసుము ఒక మాషము. స్వదేశీయుడు చీటీ లేక రాకపోకలు సాగించినచో 12 పణముల దండుగ. కపటముద్రతో పట్టుపడినవానికి శిక్ష హెచ్చు. పరదేశీయుడైనచో మఱింత హెచ్చు. కావున పరుల నేలపై అడుగు పెట్టుటకు అనుమతిపత్రము కావలెననుట ఐరోపావారు నిన్న మొన్న కనిపెట్టిన వింత కాదు. అయినను ఆ చీటీకిని నేటి వీసాకును భేదమొకటి కలదు. “నీవు తిరిగి పోవుదువని మాకు నమ్మకమేమి?” అని ముద్రాధ్యక్షుడు అడిగినట్లు ఆ ప్రకరణమున లేదు. నేడు ఐరోపా వీసాకై మనము నింపు పత్రములలోని గడులన్నిటికిని మూలమైన ప్రశ్న అదియే.

ఈ ప్రశ్న ఇప్పుడు మన జిల్లాలలో పెక్కు ఇండ్ల అరుగులపైకి వచ్చినది. జర్మనీలో ఉద్యోగము చేయుచున్న కూతురు పురుటికి తల్లిని రమ్మని పిలుచును. నెదర్లాండ్సులో చదివిన కుమారుని పట్టప్రదానోత్సవమునకు తండ్రి పోవలెననుకొనును. ఇంజనీరింగు పూర్తిచేసిన పిల్లవాడు పై చదువుకై జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీ పేర్లు వల్లెవేయుచుండును. విమానపు టిక్కెట్టు కొనుట నేడు గడియలో పని. టిక్కెట్టుకంటె ముందు తెరచుకొనవలసిన తలుపు వేరొకటి కలదు. దాని గడియ లోపలివారి చేతిలో నున్నది.

వీసా యను మాటకు లాటిను భాషలో ‘చూడబడినది’ యని అర్థము. కాగితమును అధికారి చూచెనని తెలుపు గురుతే కాలక్రమమున అనుమతిగా మారినది. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము పశ్చిమ ఐరోపాలో ఈ చూపు కూడ అంతగా లేదు. స్టెఫాన్ జ్వైగ్ అను ఆస్ట్రియా రచయిత 1914కు ముందు తాను ఇండియాకును అమెరికాకును పాస్‌పోర్టు లేకయే పోయి వచ్చితినని తన స్వీయచరిత్రలో వ్రాసికొనినాడు. (అది తెల్లవారికి దక్కిన స్వేచ్ఛ యని మనము కుండలీకరణములలోనైనను చేర్చుకొనవలెను. ఆ కాలముననే ఒడంబడిక కూలీలుగా నాటాలునకును మారిషసునకును ఓడలెక్కిన తెలుగువారికి కాగితములకు కొదవ లేదు.) యుద్ధము రాగానే శత్రుగూఢచారుల భయముచేత ప్రతి దేశమును సరిహద్దులో మేజా, కుర్చీ వేసినది. యుద్ధము ముగిసినది గాని మేజా అక్కడనే నిలిచినది. 1920లో నానాజాతిసమితి ప్యారిసున సమావేశము జరిపి పాస్‌పోర్టునకు ఒక నమూనాను కుదిర్చినది. ఈ నిర్బంధములు క్రమముగా తొలగునను ఆశ ఆనాడు పలువురికి ఉండెను. నమూనా మాత్రము నిలిచినది, ఆశ పోయినది. 1938లో హిట్లరు ఆస్ట్రియాను కబళించినప్పుడు జ్వైగ్ చేతనున్న పాస్‌పోర్టు చిత్తుకాగితమైనది. దేశము లేనివాని కిచ్చు పత్రమునకై ఆయన ఇంగ్లండులో అర్జీ పెట్టుకొనవలసి వచ్చెను.

దేశము లేనివారి దుఃఖమును కొంత తీర్చిన మహనీయుడు నార్వే దేశపు ఫ్రిజాఫ్ నాన్సెన్. ధ్రువప్రాంతముల మంచుపై నడచిన సాహసి ఆయన. రష్యా విప్లవమున చెదరిపోయి, ఏ ప్రభుత్వపు కాగితమును లేక ఐరోపాలో తిరుగుచున్నవారికై 1922లో ఆయన పేర ప్రయాణపత్రమొకటి వెలసినది. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ వంటివారు దానితోనే గడపలు దాటిరి. ఆ సంవత్సరమే నాన్సెన్‌నకు నోబెల్ శాంతి బహుమానము లభించినది.

ఇక మన సంగతి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఇరువది ఏండ్లపాటు మనవారికి చిక్కు ఎదుటి గడప వద్దకంటె సొంత గడప వద్దనే అధికముగా ఉండెను. పాస్‌పోర్టు ఎవరికీయవలెనో, ఎవరికి నిరాకరింపవలెనో నిర్ణయించు శాసనమేదియు లేదు. ఇచ్చుట, మానుట ప్రభుత్వపు చిత్తము. ఇచ్చిన దానిని మరల పుచ్చుకొనుటయు అంతే. సత్వంత్ సింగ్ సాహ్నీ అను వర్తకుని పాస్‌పోర్టులను ప్రభుత్వము తిరిగి ఇచ్చివేయుమనగా ఆయన సుప్రీంకోర్టు కెక్కెను. 1967 ఏప్రిలులో ఆ వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తులు ఒక వైపు, ఇద్దరు మఱియొక వైపు నిలిచిరి. విదేశమునకు పోవుట రాజ్యాంగము 21వ అధికరణము రక్షించు వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని ఆ ముగ్గురును తీర్పు చెప్పిరి. వారిలో ప్రథముడు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజమహేంద్రవరమున పుట్టి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్న మన సుబ్బారావుగారే ఆయన. సుప్రీంకోర్టు పదవినుండి తప్పుకొనుచున్న దినములలో ఆయన ఇచ్చిన తీర్పు అది. ప్రభుత్వము వెంటనే మేల్కొని ఆ సంవత్సరము జూనులో పాస్‌పోర్టుల చట్టమును చేసికొనినది. నేడు పాస్‌పోర్టు సేవా కేంద్రమునకు పోయి, కొలది వారములలో నీలిరంగు పుస్తకమును ఇంటికి తెప్పించుకొనువానికి, ఆ పుస్తకము వెనుక ఒక తెలుగువాని కలము ఉన్నదని తెలియుట తక్కువ. పాఠ్యపుస్తకములలో ఈ ముక్క చేర్చినచో బాగుండునని నాకు పలుమారులు తోచినది.

అయితే సుబ్బారావుగారి తీర్పు మన తలుపును మాత్రమే తీయగలదు. 1948నాటి మానవహక్కుల విశ్వప్రకటన 13వ అధికరణము చదివి చూడుడు. ఏ దేశమునైనను, తన దేశమును సైతము, విడిచిపోవు హక్కును, తన దేశమునకు తిరిగి వచ్చు హక్కును ప్రతి మనుజునకు కలవని అందున్నది. పరదేశమున ప్రవేశించు హక్కు మాట అందు లేదు. వెడలుట హక్కు, ప్రవేశము అనుమతి. ఆ రెంటి నడుమ ఉన్న సందులోనే రాయబార కార్యాలయపు బారు సాగుచున్నది.

కాలము తెచ్చిన తారుమారు చూడదగినది. 1962 వరకు కామన్‌వెల్త్ పౌరుడైన భారతీయుడు చేత పాస్‌పోర్టు ఉన్నచో చాలును, ఇంగ్లండున నిరాటంకముగ దిగగలిగెడివాడు. ఆ సంవత్సరపు చట్టముతో అక్కడ నియమములు మొదలైనవి. 1986లో మనవారికి వీసా తప్పనిసరి యైనది. వెనుక పాస్‌పోర్టు దొరకుట కష్టము, దొరికిన పిమ్మట ప్రవేశము సులభము. ఇప్పుడు పాస్‌పోర్టు సులభము, ప్రవేశము కష్టము.

ఐరోపా ఖండమున మాత్రము ఒక సదుపాయము కలిగినది. 1985 జూన్ 14వ తేదీన లగ్జెంబర్గు దేశపు షెంగెన్ అను చిన్న గ్రామము చెంత, మోజెల్ నదిపై నిలిచిన పడవలో ఐదు దేశముల ప్రతినిధులు తమ నడుమనున్న సరిహద్దు తనిఖీలను క్రమముగా ఎత్తివేయుటకు సంతకములు చేసిరి. ఆ ఏర్పాటు 1995లో అమలునకు వచ్చినది. ఐదు నేడు ఇరువదితొమ్మిదియైనవి. బల్గేరియా, రుమేనియాలు 2025 జనవరినుండి సంపూర్ణముగా చేరినవి. ఒక దేశపు వీసాతో తక్కిన దేశములలోనికిని పోవచ్చును. ఇంగ్లండు, ఐర్లండులు ఇందులో చేరినవి కావు; వాటికి వేరు వీసాలు కావలెను. ప్యారిసు చూచి లండనునకు పోవుదమని బయలుదేరువారు ఈ భేదమును మరచి చిక్కుపడుట కలదు.

షెంగెన్ వీసాపై ఏ 180 దినముల కాలములోనైనను 90 దినములకు మించి ఉండరాదు. పురుటికి పోవు తల్లి ఈ లెక్కను వ్రేళ్లపై వేసికొనవలసి యుండును. కాన్పునకు నెల ముందు పోయినచో పిమ్మట రెండు నెలలు మిగులును. బిడ్డకు ఐదవ నెల వచ్చువరకు నిలుతునన్న వీలు లేదు. దరఖాస్తును ప్రయాణమునకు ఆరు నెలల ముందు మొదలు పదునైదు దినముల ముందు వరకు ఈయవచ్చును. ఎక్కువ దినములు ఏ దేశమున గడుపుదురో ఆ దేశపు కార్యాలయమునకే ఈయవలెను; త్వరగా దొరకునని వేరొక దేశమున అర్జీ పెట్టుట నియమవిరుద్ధము. రుసుము 2024 జూన్ 11 నుండి పెద్దలకు 90 యూరోలు, ఆరు మొదలు పండ్రెండేండ్ల లోపు పిల్లలకు 45. ఆరేండ్ల లోపువారికి లేదు. దరఖాస్తులు పుచ్చుకొను కేంద్రము కూలి దీనికి అదనము. పది వ్రేళ్ల ముద్రలు, ముఖచిత్రము తీసికొందురు. 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా ఉండవలెను. సాధారణముగా పదునైదు దినములలో నిర్ణయము చెప్పవలెనని నియమము. పరిశీలన అవసరమైనచో నలుబదియైదు దినముల వరకు సాగవచ్చును.

ఇంతవరకు లెక్కల వ్యవహారము. అసలు కష్టము ఇకమీద నున్నది. జరిగినదానికి సాక్ష్యము చూపవచ్చును; జరుగబోవుదానికి సాక్ష్యమెట్లు? తిరిగి వత్తునని చెప్పుట మాట; ఆ మాటకు పూచీగా నిలుచునది గతకాలపు కాగితములు. ఉద్యోగపు ఉత్తరువు, జీతపు చీటీలు, బ్యాంకు ఖాతా నకళ్లు, ఆదాయపు పన్ను పత్రములు, ఇల్లు, పొలము, ఇక్కడ మిగిలియున్న భార్యాబిడ్డలు — మనిషిని ఊరికి కట్టివేయు త్రాళ్లన్నియు అక్కడ లెక్కకు వచ్చును. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడైనచో విదేశయానమునకు శాఖవారి అనుమతిపత్రము, సెలవు మంజూరు తోడుగా ఉండవలెను. ఇది మనకు విసుగు పుట్టించినను, అర్జీదారునికి మేలు చేయు కాగితము అదియే. సెలవు ముగియగానే బడిలో హాజరుపట్టీ తెరచుకొని కూర్చున్నదని అది సాక్ష్యము పలుకును. త్రాళ్లు లేనివారికే కష్టము. ఇరువదిమూడేండ్ల అవివాహితుడు, ఉద్యోగము వెదకుకొనుచున్నవాడు, పొలము అన్నదమ్ముల ఉమ్మడి పేర నున్నవాడు పది దినములు రోము చూచి వత్తునన్నచో, ఆ మాట నిజమే కావచ్చును. నమ్మించుట మాత్రము కష్టము. పేదవాని నిజాయితీకి పూచీపత్రము లేదు. ఈ పద్ధతిలో నాకు గుచ్చుకొను ముల్లు ఇదియే. ఏ దేశమునకైనను తన గడపను కాచుకొను అధికారము కలదనుట నేనును కాదనను. మన దేశమును ఐరోపావారిని వీసా అడుగుచునే యున్నది. కాని ఆస్తిని బట్టి మాటకు విలువ కట్టుట న్యాయముగా తోచదు.

2024లో మన దేశమునుండి షెంగెన్ వీసాకై పదునొకండు లక్షలకు పైగా దరఖాస్తులు పోయినవి. నూటికి సుమారు పదునైదు తిరస్కరింపబడినవి. తిరస్కారమునకు అచ్చు వేసిన పత్రమొకటి కలదు. కారణములు వరుసగా ఉండును, వర్తించు కారణమునకు ఎదుట గురుతు పెట్టుదురు. ప్రయాణోద్దేశము విశ్వసనీయముగా లేదని యొకటి. గడువు ముగియకముందే దేశమును వీడిపోవుదురనుటలో సహేతుకమైన సంశయము కలదని మఱియొకటి. ఆ గురుతును చూచి తల్లిదండ్రులు తమను దొంగలని యన్నట్లు కుమిలిపోవుదురు. రుసుము తిరిగి రాదు.

ఈ సంశయమను మాటపై ఐరోపా సమాజపు న్యాయస్థానము 2013 డిసెంబరులో విచారించినది. ఇరాను దేశీయుడొకడు జర్మనీపై తెచ్చిన వ్యాజ్యమది. నిబంధనలలో చెప్పిన కారణములకు వెలుపల నుండి వీసా నిరాకరింపరాదని న్యాయస్థానము పలికినది. అర్జీదారుడు తిరిగి పోవునని అధికారికి నిశ్చయము కలుగనక్కర లేదు, సహేతుకమైన సంశయము లేకున్న చాలునని కూడ చెప్పినది. అయితే ఆ సంశయమును తూచుటలో అధికారికి విశాలమైన స్వాతంత్ర్యము కలదని అదే తీర్పున నున్నది. తీర్పు చదివినవారికి ఊరటయు నిట్టూర్పును కలిసియే వచ్చును. తిరస్కరింపబడినవారికి అప్పీలు హక్కు కలదు. అది నిరాకరించిన దేశపు చట్టము చొప్పున సాగును. జర్మనీ వారు తమ కార్యాలయమునకే పునర్విచారణకై లేఖ వ్రాసికొను వెసులుబాటును 2025 జూలైనుండి తీసివేసిరి. ఇప్పుడు మిగిలినవి బెర్లినులోని న్యాయస్థానము, లేదా సరియైన కాగితములతో క్రొత్త దరఖాస్తు.

ఉపాధ్యాయ సోదరులతో చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఈ కాగితముల మేడకు పునాదిరాయి తరచుగా బడిలోని ప్రవేశపు రిజిస్టరు. మన పల్లెలలో జూలై 1వ తేదీన పుట్టినవారు ఇందరు ఎట్లున్నారని జ్యోతిష్కులు సైతము ఆశ్చర్యపడవలెను! బిడ్డను భుజముపై తెచ్చిన తండ్రి “తుపాను వచ్చిన ఏడు పుట్టినాడు బాబూ” అనగా, ఐదేండ్లు నిండునట్లు మాస్టారు వేసిన తేదీ అది. ఆ తేదీయే పదవ తరగతి పత్రములోనికి, అందుండి పాస్‌పోర్టులోనికి, అందుండి వీసాలోనికి ప్రాకినది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు మాత్రము పాస్‌పోర్టు కొఱకు జననమరణముల రిజిస్ట్రారు ఇచ్చిన పత్రమే చెల్లునని 2025లో నియమము వచ్చినది. అంతకు ముందు పుట్టినవారందరికిని మాస్టారి కలము ఇంకను చెల్లుచున్నది.

పేరు సంగతి అంతకంటె చిక్కైనది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. ఐరోపావారికి సొంత పేరు ముందు, వంశనామము వెనుక. బడి రిజిస్టరులో కొత్తపల్లి సత్యనారాయణ. ఉద్యోగమున కె. సత్యనారాయణ. బ్యాంకులో సత్యనారాయణ కె. విమానపు టిక్కెట్టుపై సత్యనారాయణ కొత్తపల్లి. ఇంగ్లీషున కొత్తపల్లిలోని ‘త్త’కు ఒకచోట ఒక అక్షరము, వేరొకచోట రెండు. ఈ నలుగురును ఒక్కడే యని మన ఊరిలో పసివాడును చెప్పును. ఎన్నడును మనలను చూడని గుమాస్తా ఎట్లు చెప్పగలడు? కొందరి పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉండిపోయినది. స్త్రీల విషయమున చదువుల పత్రములపై పుట్టింటి పేరు, పాస్‌పోర్టుపై అత్తింటి పేరు ఉండి, వివాహపత్రము లేనిచో రెండు జన్మలెత్తినట్లగును. పేర్లు పరీక్షల బోర్డునకు పంపునాడు ఇంటిపేరు విడదీసి, అక్షరములు సరిచూచి వ్రాయు గురువు, పదేండ్ల తరువాతి తంటా నొకదానిని ఆనాడే తప్పించినవాడగును.

చదువుకై పోవువారి దారి వేరు. తొంబది దినములు మించి నివసించుటకు షెంగెన్ వీసా పనికి రాదు. ఆయా దేశపు సొంత చట్టము చొప్పున దీర్ఘకాలపు వీసా తీసికొనవలెను. జర్మనీనే చూతము. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవరకు బోధనరుసుము లేదు. బాడెన్-వుర్టెంబెర్గు రాష్ట్రమున మాత్రము ఐరోపా సమాజమునకు వెలుపలివారికి 2017 నుండి అర్ధసంవత్సరమునకు 1,500 యూరోలు. ఉచితవిద్య యను మాట విని ఉత్సాహపడు తండ్రిని నిలువరించునది కట్టడి ఖాతా. విద్యార్థి ఒక సంవత్సరపు జీవనవ్యయమును ముందుగానే ఆ ఖాతాలో వేసి చూపవలెను. 2024 సెప్టెంబరునుండి ఆ మొత్తము 11,904 యూరోలు. మన ద్రవ్యమున పది లక్షల పైమాట. ఇది ఎవరికిని చెల్లించు రుసుము కాదు. సొమ్ము విద్యార్థిదే, అక్కడికి పోయిన పిమ్మట నెలకు 992 యూరోల వంతున అతనికే వచ్చును. 2022 నవంబరునుండి మన విద్యార్థుల పట్టములు నిజమైనవేయని ఢిల్లీలోని జర్మనీ రాయబార కార్యాలయపు విద్యావిభాగమువారు పరీక్షించి ఇచ్చు ధ్రువపత్రము కూడ సాధారణముగా కావలసి యున్నది. నకిలీ పట్టములు అమ్మినవారి పాపమును ఇట్లు సత్యముగ చదివినవారు మోయుచున్నారు.

మధ్యవర్తుల మాట చెప్పక తప్పదు. వారిలో మర్యాదస్థులు లేకపోలేదు. కాని “ఖాతాలో పది దినములు సొమ్ము నిలిపెదము, పిమ్మట తీసికొందుము, అనుభవపత్రము మేమే తయారు చేయింతుము” అనువాడు తటస్థపడినచో లేచి రావలెను. నెలల తరబడి ఎండిన ఖాతాలో దరఖాస్తుకు వారము ముందు వరద వచ్చినచో దాని పుట్టుక అధికారికి తెలియకపోదు. తప్పుడు పత్రము పట్టుబడినచో వీసా పోవుటతో ఆగదు. ఆ మచ్చ తరువాతి దరఖాస్తులనుకూడ వెంటాడును. కౌటిల్యుని దండనీతి ఈ విషయమున ఇంకను చెల్లుచున్నది.

ఒకసారి పోయి నియమము తప్పక తిరిగి వచ్చినవారికి తరువాతి దారి కొంత సుగమము. మూడేండ్లలో రెండు వీసాలు పొంది సక్రమముగ వాడుకొనిన భారతీయులకు రెండేండ్లపాటు పలుమారులు పోయి రాదగిన వీసా, ఆ పిమ్మట ఐదేండ్ల వీసా ఈయవచ్చునని 2024 ఏప్రిలులో ఐరోపా సమాజము ప్రత్యేక ఏర్పాటు చేసినది. మనుమని చూచుటకు ఏటేట పోవు తాతలకు ఇది వరమే.

వీసా చేతికి వచ్చిన పిమ్మట తెలిసికొనవలసిన సంగతి యింకొకటి మిగిలినది. అది ప్రవేశపు హక్కు కాదని నిబంధనలలోనే వ్రాసియున్నది. విమానము దిగిన చోట సరిహద్దు అధికారి మరల అడుగవచ్చును: ఎవరింటికి, ఎన్ని దినములకు, తిరుగు టిక్కెట్టు ఏదీ, ఖర్చులెవరివి? 2025 అక్టోబరు 12 నుండి అక్కడ పాస్‌పోర్టుపై ముద్ర వేయు ఆచారమునకు బదులు, వచ్చిపోవువారి ముఖచిత్రము, వ్రేళ్లముద్రలు యంత్రములో ఎక్కించు పద్ధతి విడతలుగా మొదలైనది. తొంబది దినముల లెక్క ఇక యంత్రమే చూచుకొనును. భాష రాని తల్లి యైనచో కూతురి ఇంటి చిరునామా, టెలిఫోను సంఖ్య, ఆహ్వానపు ఉత్తరము, బీమాపత్రము ఒకే కట్టగా కట్టుకొనవలెను. ఆ కట్టను పచ్చళ్లతోబాటు పెద్దపెట్టెలో పెట్టి విమానపు సరకుగదికి పంపివేయక, చేతిసంచిలోనే ఉంచుకొనవలెను.